తారీఖు తెల్వని సావుకు పెత్రమాసనే తిథి

పెత్రమాస నాడు పొద్దుగాల మా రామాయంపేటల గుడి కాడికి వోతే జాతర లెక్కనే కొడ్తది. అందరి చేతులల్ల సంచులు. సంచులల్ల బియ్యం, పప్పు, చింతపండు, ఉప్పు, ఎండు మిరపకాయలు, ఇంత బెల్లం, నాలుగు తీర్ల కూరగాయలు. అరుగు మీద అయ్యగారు కూసుంటడు. ఒక్కొక్కరు ముంగట కూసొని పెద్దల పేర్లు చెప్తరు, నువ్వులు నీళ్లు ఇడుస్తరు, బియ్యం అప్పజెప్పి దండం పెట్టి లేస్తరు. మనిషికి ఐదు నిమిషాలు గూడ పట్టది.

నేను మొదటిసారి ఆ వరుసల కూసున్ననాడు నా వంతు మాత్రం జెల్ది ఒడవలే. "బాపు పేరు?" అన్నడు అయ్యగారు. చెప్పిన. "తాత పేరు?" చెప్పిన. "ముత్తాత పేరు?" నోరు పెగలలే. "బాపు పోయిన తిథి?" అదిగూడ చెప్పలేకపోయిన. ఎనుక నిలవడ్డోళ్లు జరుగు జరుగు అంటున్నరు. సిగ్గుతోని తలకాయ దించుకున్న.

మా బాపు సౌదీల పోయిండు. కంపెనీ కాయితంల ఒక తారీఖున్నది. రూముల ఉండే దోస్తులేమో అంతకు ముందు రోజు రాత్రే పానం పోయిందన్నరు. శవం ఇంటికొచ్చేసరికి నలభై రోజులు దాటింది. ఏ రోజు లెక్క పట్టాలె? పోయిన రోజా, కాయితం మీది రోజా, మనం అగ్గి పెట్టిన రోజా? పెద్దనాయిన ఒకటన్నడు, మేనమామ ఒకటన్నడు. గా పంచాయితి ఏండ్లకేండ్లు నడిచింది. ఆ దినం అరుగు మీద అయ్యగారు ఒక్క మాటతోని తెంపిండు: "తిథి తెల్వనోళ్లకే గదా బిడ్డా ఈ అమాస."

ఏంది ఈ పెత్రమాస?

పితృ అమావాస్యనే మన నోట్లె పెత్తరమాస, పెత్రమాస అయ్యింది. భాద్రపద మాసం ఆఖరు అమాస. దానికి ముందటి పదిహేను రోజులను మహాలయ పక్షం అంటరు. సచ్చిపోయినోళ్లకు ఈ పక్షంల ఎవల తిథి నాడు వాళ్లకు పెట్టాలెనని లెక్క. తదియ నాడు పోయినోళ్లకు తదియ నాడు, దశమి నాడు పోయినోళ్లకు దశమి నాడు. ముత్తయిదువగ పోయిన ఆడోళ్లకు నవమి. దెబ్బ తాకో, ప్రమాదంలనో పోయినోళ్లకు చతుర్దశి. ఇగ తిథి యాదిలేనోళ్లు, ఎప్పుడు పోయిండ్రో ఎరుకలేనోళ్లు, పెట్టే దిక్కు లేనోళ్లు, అందరికీ కలిపి అమాస.

తారీఖు వేరు, తిథి వేరు. తిథి చంద్రుని లెక్క. చంద్రుని పన్నెండు నెలలు కలిపితే 354 రోజులే, మన క్యాలెండర్ కంటె పదకొండు రోజులు తక్కువ. అందుకే పెత్రమాస 2023ల అక్టోబర్ 14, 2024ల అక్టోబర్ 2, 2025ల సెప్టెంబర్ 21, గిట్ల ఏటేటా ఎనుకకు జరుగుతది. రెండు మూడేండ్లకోసారి అధిక మాసం కలిపి లెక్క సరిజేస్తరు. 2026ల అధిక జ్యేష్ఠం ఉన్నది గాబట్టి పెత్రమాస మళ్ల అక్టోబర్ 10కి పోతది. మీ ఇంట్ల ఎవలన్న పోతే తారీఖుతో పాటు ఆ రోజు తిథి గూడ రాసిపెట్టుకోవాలె అనేది ఇందుకే.

పచ్చి బియ్యమే ఎందుకు?

పెద్దలకు పెట్టుడు అంటే అసలైతే వండిన అన్నం ముద్దలు, నల్ల నువ్వులు, దర్భ, నీళ్లు. ఆ ముద్దలే పిండాలు. తండ్రి, తాత, ముత్తాత, మూడు తరాలకు మూడు. వాళ్లను వసువులు, రుద్రులు, ఆదిత్యుల రూపమని తలుస్తరు. నీళ్లు ఇడిసేటప్పుడు బొటనవేలుకూ చూపుడువేలుకూ నడుమ నుంచి ఇడుస్తరు. దేవుని పనికి పొద్దుగాల మంచిదైతే, పెద్దల పనికి పట్టపగలు మంచిదంటరు. పగటిని పదిహేను పాళ్లు జేస్తే ఎనిమిదో పాలు కుతపం. ఆరింటికి పొద్దు పొడిచిందనుకుంటే పదకొండున్నర దాటినంక మొదలై పన్నెండున్నర లోపల ఒడుస్తది.

మరి మనం వండకుంట పచ్చి బియ్యం ఎందుకిస్తున్నం? దీనికి శాస్త్రంల పేరున్నది: ఆమ శ్రాద్ధం. ఆమ అంటే పచ్చిది. తొవ్వల ఉన్నోళ్లు, వండే వీలులేనోళ్లు ఇట్ల ఇయ్యొచ్చన్నరు. దాంతో పాటు శూద్రులకు ఇదే పద్ధతి అని గూడ రాసిండ్రు. సీదా చెప్పాలంటే, మన ఇంట్ల వండింది బాపనోళ్లు తినరు గాబట్టి మనకు పచ్చి బియ్యం పద్ధతి వచ్చింది. ఈ ముచ్చట దాచుడెందుకు? ఎరుకజేసుకునే ఇయ్యాలె. అందరూ అయ్యగారికే ఇస్తరని గూడ గాదు. జంగమయ్యకు ఇచ్చేటోళ్లున్నరు, దాసరయ్యకు ఇచ్చేటోళ్లున్నరు.

బియ్యం ఇచ్చుడు సగమే. మిగిలిన సగం ఇంట్ల నడుస్తది. చాన ఇండ్లల్ల ఆ దినం కూర వండుతరు. పోయినోళ్లకు ఏదిష్టమో అదే. ఇస్తారిల వడ్డించి, ఊదుబత్తి ముట్టించి, కల్లు సాకబోసి, ఒక ముద్ద తీసి గోడ మీద కాకికి పెడ్తరు. 2024ల పెత్రమాస, గాంధీ జయంతి ఒక్కనాడే వచ్చినయి. మా ఇంట్ల ముందు రోజు రాత్రే కూర తెచ్చిపెట్టుకున్నం. బాపుకు బోటి కూరంటే పానం. అది లేకుంట ఆయనకు పెట్టినట్టే ఉండదంటది అవ్వ.

అదే మాపటికి ఎంగిలిపూల బతుకమ్మ. పొద్దుగాల సచ్చినోళ్లను తలుసుకున్న ఇల్లే, మాపటికి బతుకు పేరుతోని పూలు పేరుస్తది. తంగేడు, గునుగు, బంతి. గమ్మతేందంటే బంతిపువ్వు పుట్టిల్లు మెక్సికో. ఆడ గూడ నవంబర్ 1, 2 తారీఖులల్ల పోయినోళ్ల పండుగ జేస్తరు. ఇంటి తొవ్వ దొరకాలెనని బంతిపూలు పరుస్తరు. పోయినోళ్లకు ఇష్టమైనది వండి పెడ్తరు. జపాన్ల ఒబోన్ అని ఆగస్టుల పెద్దలను ఇంటికి పిలిచి, దీపాలతోని సాగనంపుతరు. యాడికి వోయినా మనిషి బాధ గదే, ఉపాయం గదే.

అప్పు జేసి పెట్టమని ఎవలన్నరు?

ఇప్పుడు అసలు ముచ్చట. బాపు శవం వచ్చినంక మూడొద్దులకు పిట్టకు పెట్టినం, పదకొండో రోజు దినాలు జేసినం. "పరదేశంల పోయిండు, ఘనంగ సాగనంపకపోతే ఊరు ఏమంటది?" అన్నరు. రెండు యాటలు, ఊరందరికి బువ్వ. మిత్తికి తెచ్చిన అప్పు. సౌదీ పోయేతందుకు బాపు జేసిన అప్పే తీరలే, దాని మీద ఆయన దినాల అప్పు పడ్డది. ఆ అప్పు తీర్చుటానికి మా అక్క చదువు ఇడిసిపెట్టి బీడీలు జేసింది. బాపు ఉంటే దీనికి ఒప్పుకునేటోడా? ఒప్పుకోడు.

శాస్త్రం ఒప్పుకుంటదా అని నేను ఎతికిన. మనుస్మృతిల మస్తు ముచ్చట్లు నాకు నచ్చయి. గని ఈడ మాత్రం అది సాఫ్ గ చెప్తది: పెద్దల పనికి ముగ్గురికి పెడ్తే సాలు, ఒక్కరికి పెట్టినా సాలు, ఎంత ఉన్నోడైనా అంతకు మించి పెంచొద్దు. విష్ణు పురాణం ఇంకో మెట్టు దిగి మాట్లాడ్తది. అన్నం పెట్టే తాహతు లేనోడు ఇన్ని నువ్వులు, నీళ్లు ఇడిస్తే సాలు. అదీ లేకుంటే ఆవుకు ఇంత గడ్డి వెయ్యి. గదిగూడ లేకుంటే అడివిల నిలవడి రెండు చేతులు పైకెత్తి, నా తాన ఏం లేదు, భక్తి ఒక్కటే ఉన్నదని చెప్పు, పెద్దలు సంబురపడ్తరు అంటది. శ్రద్ధతోని జేసేది గాబట్టే శ్రాద్ధం. ఊరందరికి రెండు యాటలు కోసి పెట్టాలెనని ఈ మాటలల్ల లేదు. గవి మనం పెట్టుకున్నయే.

ఇంకో మాట. "కొడుకు ఉండంగ బిడ్డ బియ్యం ఇచ్చుడేంది?" అంటరు. అప్పు మొయ్యంగ అక్క బిడ్డ అని ఎవలూ అనలే. బాపు ఆస్తిల బిడ్డకు సమాన హక్కున్నదని 2005ల చట్టం వచ్చింది, 2020ల సుప్రీంకోర్టు మళ్ల గట్టిగ చెప్పింది. పాత గ్రంథాలల్ల గూడ శ్రాద్ధానికి మస్తు పవిత్రమైనయి మూడంటరు: నువ్వులు, కుతప కాలం, బిడ్డ కొడుకు. బిడ్డ కన్న కొడుకు అంత పవిత్రమైతే, కన్న బిడ్డ పనికిరాదా?

ముత్తాత పేరు కోసం ఇంటికొచ్చి నాయినమ్మను అడిగిన. ఆమెకు ఎరుకనే. కని ఆ కాలపు కోడండ్లు మామ పేరు నోటితోని పలుకరు. "గా దేవుని పేరే" అని కొండగట్టు దిక్కు చెయ్యి సూపిచ్చింది. అంజయ్యనా అంటే తలకాయ ఊపింది. ఇగ ముత్తవ్వ పేరు అడిగితే ఆమెకు గూడ తెల్వదు. "ఫలానోని పెండ్లాం అనేటోళ్లు" అన్నది. ఒక మనిషి పేరు గట్లనే పోయింది.

అందుకే తమ్ముండ్లారా, చెల్లెండ్లారా, ఈ పెత్రమాసకు ఒక్క పని జెయ్యుండ్రి. ఇంట్ల ముసలోళ్ల పక్కన కూసొని, ఆడోళ్లయి మొగోళ్లయి మూడు తరాల పేర్లు, పోయిన తారీఖు, తిథి రాసుకోండ్రి. గయ, హరిద్వార్ పండాలు బహీలల్ల తరతరాల పేర్లు దాస్తరు. మన పేర్లు మన ఫోన్లనన్న ఉండాలె గదా.

పోయిన పెత్రమాసకు సంచి అక్క పట్టుకున్నది. శేరు బియ్యం, పావు పప్పు, మా పెరట్ల కాసిన బీరకాయలు. అయ్యగారు పేర్లు అడిగిండు. నా ఫోన్ తీసుకొని అక్కనే చదివింది. తిథి అడిగితే, "అమాసనే" అన్నది. ఎనుక నిలవడ్డోళ్లు ఎవలూ ఏమనలే. నీళ్లు ఇడిసి, లేసి, మాపటి బతుకమ్మకు గునుగుపూలు కోసుకొస్త అని చెరువు కట్ట దిక్కు నడిచింది.