మొక్క కన్నా ముందు కాలువ

విజయవాడ నుంచి బస్సు నిండా విద్యార్థులు నాగాయలంక వైపు వెళ్లి, ఒక్క పూటలో వెయ్యి మడ మొక్కలు నాటి, ఫొటో దిగి వచ్చారనుకుందాం. తీరానికి పచ్చని కంచె కట్టినట్టేనా? కాదనే అంటాను. కృష్ణా నది సముద్రంలో కలిసే చోట మడ చచ్చిపోయిన నేలకు నీటి రాకపోకలే కరువు. వెనకటి రోజుల్లో కట్టె కోసం అడవిని వంతులవారీగా నరికారు. చెట్టు పోయిన నేల ఎండకు కుంగి పల్లమైంది. పోటుకు వచ్చిన ఉప్పునీరు పాటుకు వెళ్లే దారిలేక అక్కడే ఆవిరై, ఉప్పు పేరుకుంది. తెల్లమడ ఉప్పుకు ఓర్చే చెట్టే గానీ, ఆ ఓర్పుకూ హద్దుంది.

1990ల చివర్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, తీరగ్రామాల వాళ్లు కలిసి కృష్ణా, గోదావరి మడల్లో చేపట్టిన పని అందుకే కాలువలతో మొదలైంది. పాయ నుంచి ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా 45 డిగ్రీల కోణంలో పిల్లకాలువలు. పైనుంచి చూస్తే అచ్చం చేప ముల్లు. మొక్కను కాలువ వాలు నడుమ నాటుతారు. గట్టు మీదైతే ఎండుతుంది, అడుగునైతే మునుగుతుంది. పోటుపాట్లు కడుగుతుంటే ఉప్పు తగ్గి మొక్క నిలదొక్కుకుంటుంది. కానీ అదే పోటు బురదనూ కదిపి తెస్తుంది. పిల్లకాలువ పూడిందా, కథ మళ్లీ మొదటికే. స్వచ్ఛందంగా వచ్చేవాళ్ల అవసరం అక్కడుంది: నాటాక రెండు మూడేళ్లు, మోకాలి లోతు బురదలో పార పట్టి పూడిక తీయడానికి. ఇంగ్లండ్‌లో పొలాల కంచె చెట్లను కాండం కాస్త మిగిలేలా నరికి పక్కకు వాల్చే పనికి జనం స్వచ్ఛందంగా వస్తుంటారు. కొన్నేళ్లకోసారి ఆ పని మళ్లీ చేయకపోతే అక్కడా కంచె అడుగున పలచబడిపోతుంది.

ఊరివాళ్ల కూలి పోగొట్టి పట్నం వాళ్లు ఉచితంగా చేయడమేమిటని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కొత్త కాలువల తవ్వకం కూలిపనిగానే ఉండాలి, పోటు వేళలెరిగిన మత్స్యకారులే మేస్త్రీలు కావాలి. పథకం డబ్బు ఆగాక మిగిలే పూడికకే శ్రమదానం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలాంటిది వస్తే ఈ చెట్లు ఆపుతాయా? ఆపలేవు. అయితే 1999 ఒడిశా పెనుతుపానుపై కేంద్రపడా జిల్లాలో జరిగిన అధ్యయనం, మడ వెడల్పుగా ఉన్నచోట చావులు తగ్గాయని తేల్చింది. ముందస్తు హెచ్చరిక అంతకన్నా ఎక్కువ ప్రాణాలు కాపాడిందనీ చెప్పింది. తుపాను షెల్టరుకు మడ తోడే గానీ బదులు కాదు. ఇక ఎగువ ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోయి డెల్టా అంచు కోసుకుపోతోందన్న మాటకు పార దగ్గర జవాబు లేదు. ప్రకాశం బ్యారేజీ దిగువకు ఏటా ఎంత నీరు వదలాలన్నది తేల్చాల్సింది ప్రభుత్వాలు.