ముప్పై ఏడున్నర డాలర్ల పిస్తోలు

1949లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం, సౌత్‌పోర్ట్ ఊళ్లోని ఒక చిన్న అద్దె షెడ్డు నుంచి ఒక కొత్త పిస్తోలు బజారులోకి వచ్చింది. పేరు రూగర్ స్టాండర్డ్. ధర 37.50 డాలర్లు. .22 రిమ్‌ఫైర్ తూటాలు కాల్చే సెమీ ఆటోమేటిక్ అది. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక తూటా పేలుతుంది. ఆ పేలుడు ఊపుతోనే పిస్తోలు ఖాళీ తొడుగును బయటికి విసిరి, తర్వాతి తూటాను ఎక్కించుకుంటుంది. అప్పటికి ఆ తరగతిలో పెద్ద పేరు కోల్ట్ వుడ్స్‌మన్‌ది. జాన్ బ్రౌనింగ్ రూపకల్పన, 1915 నుంచి తయారీలో ఉంది. దాని పక్కన పెడితే రూగర్ ధర చాలా తక్కువ. అంత చవకది ఎన్నాళ్లు నిలుస్తుందని అనుమానించినవాళ్లకు కాలమే సమాధానం చెప్పింది. వుడ్స్‌మన్ తయారీ 1977లో ఆగిపోయింది. రూగర్ పిస్తోలు నాలుగో తరంలో ఇప్పటికీ అమ్ముడవుతోంది.

చవకగా దొరికే రిమ్‌ఫైర్ పిస్తోలు కొనదగినదేనా అని అడిగేవారికి ఈ యంత్రం జీవితకథ మంచి జవాబు చెబుతుంది. ఖర్చు ఎక్కడ తగ్గించారన్నది అసలు సంగతి. తయారుచేసే పనిలో తగ్గించారా, వాడే లోహంలోనా, మనిషి ప్రాణానికి వేసిన కాపులోనా? ఈ మూడింట్లో మొదటిది మెచ్చుకోదగ్గ ఇంజినీరింగ్, రెండోది రాజీ, మూడోది నేరం.

అంచులో దాగిన నిప్పు

కథ తూటాతో మొదలవుతుంది. పెద్ద తూటాల్లో నిప్పు రాజేసే ప్రైమర్, తొడుగు అడుగున మధ్యలో విడి బిళ్లగా ఉంటుంది. రిమ్‌ఫైర్‌లో అలా కాదు. పల్చటి ఇత్తడి తొడుగు అడుగున అంచు బయటికి మడిచి ఉంటుంది. ఆ మడత లోపలి బోలులో, దెబ్బ తగిలితే భగ్గుమనే రసాయనాన్ని నింపుతారు. ఫైరింగ్ పిన్ ఆ అంచును నలగ్గొట్టగానే నిప్పు పుట్టి లోపలి మందు అంటుకుంటుంది. ఈ దారిలో తొలి అడుగు వేసినవాడు ఫ్రాన్సుకు చెందిన లూయీ నికొలా ఫ్లోబేర్, 1845లో. 1857లో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ తన తొలి రివాల్వర్‌తో పాటు .22 షార్ట్ తూటా తెచ్చింది. ఇవాళ ప్రపంచమంతా వాడే .22 లాంగ్ రైఫిల్ తూటా 1887 నాటిది. గుండు వ్యాసం సుమారు 5.7 మిల్లీమీటర్లు, బరువు మామూలుగా 2.6 గ్రాములు.

విడి ప్రైమర్ అక్కర్లేదు, పట్టే ఇత్తడి తక్కువ, మందు తక్కువ. అందుకే తూటా చవక. అయితే దానికో పరిమితి ఉంది. పిన్ను దెబ్బకు నలగాలంటే అంచు పల్చగా ఉండాలి. పల్చటి అంచు ఎక్కువ ఒత్తిడిని ఓర్చుకోలేదు. రిమ్‌ఫైర్ పద్ధతి చిన్న తూటాలకే పరిమితమవడానికి కారణం ఇదే. రెండో బలహీనత రసాయనం పరుచుకునే తీరులో ఉంది. తడిముద్దను తొడుగులో వేసి గిర్రున తిప్పి అంచులోకి పంపుతారు. ఎక్కడైనా అది చేరని చోటు మిగిలి, పిన్ను సరిగ్గా అక్కడే తగిలితే తూటా పేలదు. కాబట్టి చవక పిస్తోలు అప్పుడప్పుడూ మొరాయిస్తే ప్రతిసారీ తప్పు పిస్తోలుదే కానక్కర్లేదు.

బరువే తాళం

ఒత్తిడి తక్కువ కావడం పిస్తోలు చేసేవాడికి వరం. శక్తిమంతమైన తూటాలు కాల్చే పిస్తోళ్లలో, గుండు గొట్టం దాటేదాకా వెనక తలుపు తెరుచుకోకుండా గొట్టానికీ, వెనక్కి జారే పై భాగమైన స్లైడుకూ మధ్య గట్టి లంకె ఉండాలి. ఆ లంకెను కచ్చితమైన కొలతలతో చెక్కడానికి చాలా ఖర్చవుతుంది. .22కు ఆ అవసరం లేదు. వెనక తలుపుగా నిలిచే బోల్టు బరువు, దాన్ని ముందుకు నెట్టే స్ప్రింగు బలం చాలు. దీన్నే బ్లోబ్యాక్ అంటారు.

లెక్క వేసి చూద్దాం. గుండు 2.6 గ్రాములు, బోల్టు 200 గ్రాములు అనుకుందాం. అంటే బోల్టు దాదాపు 77 రెట్లు బరువు. న్యూటన్ సూత్రం ప్రకారం గుండు ముందుకు ఎంత ఊపుతో పోతే, బోల్టు వెనక్కి అంతే ఊపుతో కదలాలి. గుండు సెకనుకు 300 మీటర్ల వేగం అందుకుంటే బోల్టుకు వచ్చే వేగం సుమారు నాలుగు మీటర్లు. 12 సెంటీమీటర్ల గొట్టాన్ని గుండు దాటేసరికి బోల్టు కదిలేది సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లే. అప్పటికి లోపలి ఒత్తిడి పడిపోతుంది. తొడుగు క్షేమంగా బయటికొస్తుంది. తాళం, గడియ ఏవీ లేకుండా బరువే కాపలా కాస్తుంది. చవక రిమ్‌ఫైర్ పిస్తోలుకు ఆధారం ఈ భౌతికశాస్త్రమే.

ఇందులోనే దాని పెంకితనానికీ కారణముంది. బోల్టును వెనక్కి తోసే శక్తి పూర్తిగా తూటా నుంచే రావాలి. బలహీనమైన తూటా వేస్తే బోల్టు పూర్తిగా వెనక్కి పోదు, తొడుగు మధ్యలో ఇరుక్కుంటుంది. ఒక రకం తూటాతో తడుముకునే పిస్తోలు మరో రకంతో చక్కగా పనిచేయడం అందుకే. పైగా మైనం పూసిన సీసపు గుండు, మసి మిగిల్చే మందు కలిసి లోపల జిడ్డు పేరుస్తాయి. తూటాకు అంచు ఉండటంతో మ్యాగజైన్‌లో పై తూటా అంచు కింది తూటా అంచుకు వెనక పడితే రెండూ పెనవేసుకుంటాయి. తీరుగా నింపడం, తరచూ తుడవడం ఈ జాతి పిస్తోళ్లన్నింటికీ తప్పదు.

రేకు, గొట్టం, తీగ

విలియం రూగర్ 1916లో బ్రూక్లిన్‌లో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఒక అమెరికన్ మెరైన్ తెచ్చిన చిన్న జపాన్ నంబు పిస్తోళ్లు అతని చేతికొచ్చాయి. వాటిని చూసి తన గ్యారేజీలో రెండు నకళ్లు చేశాడు. గుండ్రటి గొట్టంలాంటి శరీరం, దాని లోపల ముందుకూ వెనక్కూ ఆడే బోల్టు అతనికి నచ్చాయి. అంతకు ముందు అతను పెట్టిన చేతిపనిముట్ల వ్యాపారం మునిగిపోయింది. చిత్రకారుడు, యేల్ విశ్వవిద్యాలయంలో చదివిన అలెగ్జాండర్ స్టర్మ్ 50,000 డాలర్లు పెట్టుబడి పెట్టడంతో స్టర్మ్, రూగర్ కంపెనీ మొదలైంది. పిస్తోలు మీది ఎర్ర గద్ద ముద్రను గీసినవాడు స్టర్మే. 1951లో, ఇరవై ఎనిమిదేళ్లకే అతను చనిపోయాక ఆ గద్ద నల్లబడింది.

వుడ్స్‌మన్ లాంటి పిస్తోలుకు శరీరాన్ని ఉక్కు దిమ్మ నుంచి మిల్లింగ్ యంత్రం మీద చెక్కాలి. కావలసిన రూపం వచ్చేసరికి దిమ్మలో చాలా భాగం రజనుగా రాలిపోతుంది, పనివాడి సమయం గంటలకొద్దీ కరుగుతుంది. రూగర్ ఆ దారి వదిలేశాడు. పిడి భాగాన్ని ఉక్కు రేకు నుంచి రెండు చిప్పలుగా ప్రెస్సులో కొట్టించి, కజ్జికాయ అంచులు కలిపినట్టు రెంటినీ వెల్డింగ్‌తో అతికించాడు. పై భాగానికి ఉక్కు గొట్టం. దానిలో గుండ్రటి బోల్టు. గుండ్రటివేవైనా లేత్ మీద త్వరగా, కచ్చితంగా తయారవుతాయి. చదునైన రేకు స్ప్రింగుల బదులు తీగ చుట్ట స్ప్రింగులు పెట్టాడు.

ఖర్చు తగ్గించడానికి చేసిన ఈ మార్పుల్లో ఒకటి గురిని కూడా మెరుగుపరచింది. స్లైడు మొత్తం కదిలే పిస్తోలులో వెనక గురికొమ్ము స్లైడుతో పాటు ప్రతి దెబ్బకూ పోయి వస్తుంది. రూగర్ పిస్తోలులో గొట్టం, దానికి మర బిగించిన శరీరం, రెండు గురికొమ్ములూ ఒకే కదలని వస్తువు. కదిలేది లోపలి బోల్టు ఒక్కటే. అమెరికన్ రైఫిల్‌మన్ పత్రికకు దాన్ని పరీక్షించిన జనరల్ జూలియన్ హాచర్ మెచ్చుకుంటూ రాశాడు. చవకగా చేయడానికి బుర్ర పెడితే వస్తువు మెరుగవడం కూడా సాధ్యమేనని ఈ పిస్తోలు నిరూపించింది. ఇంజినీరింగ్ చదివే మన పిల్లలకు పాఠంగా చెప్పదగ్గ ఉదాహరణ ఇది.

మరో రకం చవక

చవకదనానికి ఇంకో ముఖం కూడా ఉంది. 1968లో అమెరికా తెచ్చిన తుపాకుల నియంత్రణ చట్టం నాసిరకం చిన్న పిస్తోళ్ల దిగుమతిని ఆపింది. దేశంలో తయారీని మాత్రం ఆపలేదు. ఆ ఖాళీలో లాస్ ఏంజిలిస్ చుట్టుపక్కల కొన్ని కంపెనీలు పుట్టుకొచ్చాయి. జెన్నింగ్స్ జె-22 అలా వచ్చిన ఒక రిమ్‌ఫైర్ పిస్తోలు. ఈ పిస్తోళ్ల ముడిసరుకు జమాక్ అనే తుత్తునాగం మిశ్రలోహం. 400 డిగ్రీల లోపే కరిగిపోతుంది, అచ్చులో పోస్తే చెక్కే పని పెద్దగా లేకుండానే భాగం తయారు. బొమ్మ కార్లకు, తలుపు పిడులకు అది మంచి లోహమే. పిస్తోలు స్లైడుగా వేల దెబ్బలు తినాలంటే మాత్రం ఉక్కు ఓర్పు దానికి లేదు. జారే అంచులు అరుగుతాయి, పగుళ్లు వస్తాయి.

లోహం కంటే ఘోరమైన పొదుపు మరొకటి జరిగింది. జెన్నింగ్స్ కుటుంబానికే చెందిన బ్రైకో కంపెనీ పిస్తోలు ఒకదానిలో (అది రిమ్‌ఫైర్ కాదు) లోపలున్న తూటాను తీసేయాలంటే ముందు సేఫ్టీ మీటను కాల్చే స్థితికి జరపాలి. 1994లో కాలిఫోర్నియాలో ఒకరు అలా ఖాళీ చేయబోగా పిస్తోలు పేలి ఏడేళ్ల బాలుడు పక్షవాతం పాలయ్యాడు. 2003లో జ్యూరీ ఆ రూపకల్పనే లోపభూయిష్టమని తేల్చింది. కంపెనీ దివాలా తీసింది. ఈలోగా 1999లోనే కాలిఫోర్నియా, అమ్మే ప్రతి పిస్తోలు నమూనా కింద పడేసే పరీక్షలోనూ, వరసగా కాల్చే పరీక్షలోనూ నెగ్గాలని చట్టం చేసింది.

మంచి కంపెనీలకూ తప్పులు జరుగుతాయి. రూగర్ పిస్తోలు 1982లో మార్క్ 2గా మారి, చివరి తూటా పేలాక బోల్టు తెరిచి నిలబడేలా తయారైంది. 2004లో మార్క్ 3 వచ్చింది. అయినా విప్పి మళ్లీ బిగించడం మొదటి నుంచీ తలనొప్పే. 2016లో మార్క్ 4 ఒక్క బటన్‌తో విడిపోయేలా చేసి ఆ బాధ తీర్చింది. మరుసటి ఏడాదే ఇంకో లోపం బయటపడింది. సేఫ్టీ మీట రెండు స్థానాలకూ మధ్యలో ఉన్నప్పుడు ట్రిగ్గర్ నొక్కితే, ఆ తర్వాత మీట కదిపినప్పుడు పిస్తోలు పేలే అవకాశం ఉంది. కంపెనీ 2017 జూన్‌లో బహిరంగంగా చెప్పి, పిస్తోళ్లు వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేసింది. అమ్మాక కూడా బాధ్యత వహించేవాడి దగ్గర కొనడం అంటే అర్థం ఇది.

కొనవచ్చా?

గురి నేర్చుకోవడానికి, లక్ష్యాలు కాల్చే క్రీడకు మంచి కంపెనీ చేసిన చవక రిమ్‌ఫైర్ పిస్తోలు నిస్సందేహంగా కొనదగినదే. ఎదురుదెబ్బ తక్కువ కనుక చేయి అదరదు, కన్ను మూసుకుపోదు, తప్పు ఎక్కడ జరిగిందో తెలుస్తుంది. నేర్చుకునేవాడు కాల్చేది వేల తూటాలు కాబట్టి అసలు ఆదా అక్కడే. ఒలింపిక్స్‌లో 25 మీటర్ల పిస్తోలు పోటీ జరిగేది ఈ తూటాతోనే. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్, మను భాకర్, రిథమ్ సాంగ్వాన్‌లతో కలిసి హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో జట్టు బంగారు పతకం గెలిచింది ఈ పోటీలోనే. వాళ్లు పట్టే ప్రత్యేక పిస్తోళ్ల ధర ఎక్కువే అయినా, పేలే తూటా మాత్రం 1887 నాటి అదే చిన్న తూటా.

ఆత్మరక్షణ కోసమైతే నా సలహా వేరు. అప్పుడప్పుడూ పేలకపోయే తూటా మీద ప్రాణం పెట్టుకోకూడదు. జేబులో పట్టే తుత్తునాగం పిస్తోలు ఎంత చవకైనా వద్దు.

చట్టం సంగతి ముందే తెలుసుకోవాలి. భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా .22 పిస్తోలు కూడా ఉంచుకోకూడదు. 2019 సవరణతో సాధారణంగా ఒకరికి గరిష్ఠంగా రెండే తుపాకులు. అమెరికాలో ఉంటున్న తెలుగువారు మరీ జాగ్రత్తగా గమనించాలి. హెచ్-1బి లాంటి వలసేతర వీసా మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటా గానీ కలిగి ఉండటం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. స్నేహితుడి పిస్తోలు కారులో ఉంచుకున్నా చిక్కే. ఆశపడి వీసాను, భవిష్యత్తును పణంగా పెట్టవద్దు.

అర్హత ఉండి కొనేవారు నాలుగు సంగతులు చూసుకోవాలి. శరీరం, బోల్టు ఏ లోహంతో చేశారు? సేఫ్టీ వేసి ఉండగానే తూటా తీసేయవచ్చా? ఆ నమూనాను ఎప్పుడైనా వెనక్కి పిలిచారా, మన చేతిలోని పిస్తోలుకు ఆ మరమ్మతు జరిగిందా? విడిభాగాలు, మ్యాగజైన్లు దొరుకుతాయా? పేలని తూటా ఎదురైతే గొట్టాన్ని సురక్షితమైన దిక్కుకే పెట్టి కాసేపు ఆగాలి, ఆలస్యంగా పేలే తూటాలు ఉంటాయి. కాల్చాక చేతులు కడగకుండా ఏమీ తినకూడదు. గుండులోనూ ప్రైమర్‌లోనూ ఉన్న సీసం ఒంటికి విషం, పిల్లలకు మరీను. గట్టి ఇనుప పెట్టె, తాళం కూడా పిస్తోలు ధరలో భాగంగానే లెక్కవేయాలి. వాటికి డబ్బు చాలకపోతే పిస్తోలుకూ చాలనట్టే.