నాలుగు గోలీలు

కల్లు మానలేని వాళ్ళను చూసి నవ్విన వాణ్ణి నేను. ఆ నవ్వు తిరిగి తిరిగి నా మీదికే వచ్చింది. అది ఎట్లాగో చెప్పుకుంటే నాబోటి వారికి కొంత ఉపయోగపడవచ్చునని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

నేను ఆదిలాబాదులో బడిపంతులుగా పనిచేసి ఇంటిపట్టున ఉంటున్న వాణ్ణి. 2014 వానాకాలంలో స్కూటరు మీదనుంచి జారిపడి నడుము దెబ్బతిన్నది. ఒక డాక్టరుగారు ట్రమడాల్ గోలీ వ్రాసి ఇచ్చారు. పదిహేను రోజులకు ఇచ్చిన చీటీ అది. నొప్పి చాలావరకు పోయింది. గోలీ మాత్రం నిలిచిపోయింది. మందుల దుకాణం నడిపేవాడు నా పాత శిష్యుడు. పంతులుగారు అడిగితే కాదంటాడా? రెండు కాస్తా మూడయి, మూడు నాలుగయినాయి.

2015 సెప్టెంబరులో కల్తీ కల్లును కట్టడి చేసినప్పుడు, నిజామాబాదు వైపు ఎందరో చేతులు వణుకుతూ, మతి చెదిరి ఆస్పత్రుల పాలయ్యారు. అందులో కలిపేది ఆల్ప్రజోలాం అనే మందు. మాకు పాలు పోసే ఆయన కూడా ఆ రోజుల్లో వణుకుతూనే వచ్చాడు. "మనిషికి మనసు గట్టిగా ఉండాలయ్యా!" అని హితబోధ చేశాను. అప్పుడు నా చేతిలో గ్లాసెడు నీళ్ళూ, ఉదయపు గోలీ ఉన్నాయి!

2018 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ట్రమడాల్‌ను మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చింది. ఆ డిసెంబరులో శిష్యుడు చేతులు జోడించాడు.

"ఇగ చిట్టీ లేకుంటే ఇయ్యరాదు సార్. మాఫ్ చెయ్యుండ్రి."

సరే, మానేస్తే పోయిందనుకున్నాను. మరునాడు మధ్యాహ్నానికి ఆవులింతలు మొదలైనాయి. కళ్ళవెంట, ముక్కువెంట నీరు. ఒళ్ళంతా గగుర్పాటు. ఆదిలాబాదు చలి సంగతి అందరికీ తెలిసిందే కదా. జలుబు కాబోలునని మా ఆవిడ రెండు దుప్పట్లు కప్పింది. రాత్రయ్యేసరికి కాళ్ళు ఒకచోట నిలవవు. కడుపు జారింది. కన్ను మూతపడలేదు. కారణం లేకుండా గుండెల్లో దడ. రెండో రాత్రి ఆమెకు పాత పంచాంగాల వెనక ఖాళీ గోలీ అట్టలు దొరికాయి. ఒకటి కాదు, పిడికెడు.

"నాకెందుకు చెప్పలేదండీ?" అన్నదొక్కటే. నొప్పికన్నా ఆ మాట ఎక్కువ బాధించింది.

మూడోనాడు ఆమే నన్ను ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకువెళ్ళింది. తిట్లు తినడానికి సిద్ధపడే పోయాను. డాక్టరమ్మ తిట్టలేదు.

"ట్రమడాల్ నల్లమందు జాతి లక్షణాలున్న మందు సార్. ఏళ్ళ తరబడి వాడితే మెదడు దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. కావడిలో ఒకవైపు కుండ ఉన్నట్టుండి తీసేస్తే రెండోవైపు కిందపడదా? మీరు చేసిందదే. ఇది మనసు బలహీనత కాదు, శరీరం అలవాటు," అన్నది.

ఈ మందు నరాల్లో మరో రెండు రసాయనాల మీద కూడా పనిచేస్తుందట. అందువల్లనే మానినప్పుడు కొందరికి విపరీతమైన భయమూ, అయోమయమూ కలుగుతాయి. మోతాదు మించితే మూర్ఛలు కూడా రావచ్చు.

ఆమె చేసిన ఏర్పాటు ఇది. మళ్ళీ నాలుగు గోలీలతోనే కుదుటపరచి, సంక్రాంతి వెళ్ళాక నెలకు అర గోలీ చొప్పున తగ్గించడం. నావి 50 మిల్లీగ్రాముల మామూలు గోలీలు గనుక విరవడానికి వీలైంది. నెమ్మదిగా కరిగే రకాన్ని విరవకూడదు సుమా! డబ్బా మా ఆవిడ చేతికి వెళ్ళింది. కేలండరు మీద ఏ రోజు లెక్క ఆ రోజు గుర్తు పెట్టేది.

మెట్టు దిగిన ప్రతిసారీ నాలుగైదు రోజులు చిరాకు, నిద్రలేమి తప్పలేదు. కడుపు జారితే ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళూ, మజ్జిగా తాగాను. రాత్రి కాళ్ళు లాగితే వేడినీళ్ళ స్నానం. మధ్యాహ్నం దాటాక టీ మానేశాను. నడుముకు నేర్పిన వ్యాయామం పొద్దున్నే చేసి, చిన్న నడక నడిచాను. మరీ కష్టమైనప్పుడు వెనక్కు వెళ్ళకుండా ఉన్న మెట్టుమీదే ఒక నెల ఆగాము. అట్లా మూడుసార్లు ఆగవలసి వచ్చింది. 2019 కార్తిక పున్నమినాడు చివరి అర గోలీ వేసుకున్నాను.

నడుము నొప్పి మళ్ళీ విజృంభిస్తుందని హడలిపోయిన వాణ్ణి. కొన్నాళ్ళు పెరిగిన మాట నిజమే, తరువాత సర్దుకుంది. ఇటువంటి మందులు దీర్ఘకాలం వాడితే కొందరిలో నొప్పి తెలివిడి హెచ్చుతుందని డాక్టరమ్మ అప్పుడు చెప్పింది.

పాఠకులకు రెండు మాటలు మనవి. ఇది చదివి ఎవరూ గోలీలు ఒక్కసారిగా పారవేయవద్దు; మీ మోతాదు మీ డాక్టరే నిర్ణయించాలి. మానిన తరువాత ఎప్పుడైనా పాత మోతాదు మింగితే శరీరం తట్టుకోలేదు, ఊపిరి ఆగిపోవచ్చు. మద్యంతో, నిద్రమాత్రలతో కలపడమూ అంతే ప్రమాదం. కేన్సరు నొప్పితో బాధపడేవారు మాత్రం నా కథ విని మార్ఫీనుకు భయపడనక్కరలేదు. వారికి అది అవసరమైన మందు. దిగులుగా, ఒంటరిగా అనిపిస్తే 14416కు ఫోను చేయవచ్చు. 2022లో మొదలైన ఈ టెలీ మానస్ సేవలో తెలుగులోనే మాట్లాడతారు.

ఆ పున్నమి తరువాత ఒక ఉదయం పాలాయనను అరుగుమీద కూర్చోబెట్టి అంతా చెప్పాను. అతడు సాంతం విని మెల్లగా నవ్వాడు.

"అప్పుడు నాకు చెప్పిన మాట మీకు ఎవ్వరు చెప్పలేదా సార్?"

"చెప్పలేదయ్యా," అన్నాను. "చెప్పి ఉంటే ఆస్పత్రికి పోయేవాణ్ణి కాదు."