గడ్డకట్టే చలిలో గుఱ్ఱం దాహం

గుఱ్ఱానికి దాహం వేస్తే తాగుతుంది, వెయ్యకపోతే ఊరుకుంటుంది. దానికి ఒకరు దగ్గరుండి నీళ్ళు తాగించాలా అని మీరు అడగవచ్చు. మన ఊళ్ళలో జట్కాలు తిరిగిన రోజులు ఎరిగినవారైతే మరీ ఆశ్చర్యపోతారు. ఎండలో బండి లాగి వచ్చిన గుఱ్ఱం తొట్టి కనబడితే చాలు, మూతి ముంచేసేది. కాని తొట్టిలో నీళ్ళే రాయిలా గడ్డకట్టే చోట ఈ లెక్క తిరగబడుతుంది. సైన్యంలో పశువైద్యుడిగా లడఖ్‌లో నేను రెండు శీతాకాలాలు గడిపాను. అక్కడ గుఱ్ఱాలకు మందులివ్వటం కంటె నీళ్ళు తాగించటానికే ఎక్కువ తంటాలు పడ్డాను.

లేహ్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున వుంది. జనవరి రాత్రుల్లో చలి సున్నాకు 15 డిగ్రీల దిగువకు కూడా పోతుంది. అక్కడి జన్‌స్కారీ గుఱ్ఱాలు పొట్టివి, గట్టివి. ఒంటినిండా దట్టమైన బొచ్చు. పల్చని గాలిలో కొండదారిన బరువులు మొయ్యటంలో వాటికవే సాటి. ఆ చలికి అవి జంకవు. వాటి ప్రాణం మీదికి తెచ్చేది చలి కాదు, చలిలో చచ్చిపోయే దాహం.

ఇందులో చిక్కు ఇదీ. పచ్చగడ్డిలో మూడువంతులు నీరే. వేసవిలో మేస్తూనే గుఱ్ఱం సగం దాహం తీర్చుకుంటుంది. చలికాలంలో దొరికేది ఎండుగడ్డి. అందులో నీరు నూటికి పది, పదిహేను పాళ్ళకు మించదు. అంటే బయటినుంచి తాగవలసిన నీళ్ళు పెరుగుతాయి. సరిగ్గా అప్పుడే నీళ్ళు మంచులా వుండి, దానికి తాగబుద్ధి కాదు. నాలుగు గుక్కలు తాగి తల ఎత్తేస్తుంది.

తాగకపోతే ఏమవుతుంది? గుఱ్ఱం తిన్న గడ్డి దాని పెద్దపేగులో నానుతూ, పులుస్తూ అరుగుతుంది. ఆ పులవటంలో పుట్టే వేడే చలికాలంలో దానికి కుంపటి. నీళ్ళు చాలకపోతే గడ్డి నానదు, గట్టిపడుతుంది. పెద్దపేగు ఒకచోట వెనక్కి మళ్ళి ఇరుకవుతుంది. ఎండిన మేత అక్కడ బిరడాలా బిగుసుకుంటుంది. గుఱ్ఱానికి వాంతి చేసుకునే శక్తి లేదు. లోపలికి పోయింది వెనక్కి రాదు, ముందుకు కదలదు. అదే కడుపుశూల. సకాలంలో చూడకపోతే ప్రాణం తీస్తుంది.

ఒక సాయంత్రం మా గుఱ్ఱపుసాలలో ఒక ఆడగుఱ్ఱం కాలితో నేల తవ్వుతూ, మాటిమాటికి తన డొక్కవైపు తిరిగి చూసుకుంటున్నది. పొద్దుటినుంచి మేత ముట్టలేదు. వేసిన కాస్త లద్దె చిన్న చిన్న ఉండలుగా, పొడిగా వుంది. డొక్కకు చెవి ఆనిస్తే ఎప్పుడూ వినబడే గుడగుడ దాదాపు లేదు. దాన్ని చూసుకునే సాయిసు కొత్తగా వచ్చిన అనంతపురం కుర్రాడు. వాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“సార్, ఇది రోజల్లా మంచు నాకుతూనే వుంది. మంచంటే నీళ్ళేగా సార్!” అన్నాడు.

ముక్కులోంచి కడుపులోకి రబ్బరు గొట్టం దింపి, గోరువెచ్చని నీళ్ళూ లిక్విడ్ పారఫినూ పంపాం. నొప్పికి సూది వేశాను. రాత్రంతా కాసేపు నడిపించటం, కాసేపు నిలబెట్టటం. మధ్యలో మళ్ళీ గొట్టం. మర్నాడు మధ్యాహ్నానికి గాని అది లద్దె వెయ్యలేదు. వేసినప్పుడు ఆ కుర్రాడి సంబరం చూడాలి! పండగనాడు కొత్తబట్టలు కట్టుకున్న పిల్లవాడికి కూడా అంత ఆనందం వుండదు.

వాడి మంచు మాటకు జవాబు అప్పుడు చెప్పాను. కొత్తగా పడిన పొడిమంచు పది బిందెలు కరిగిస్తే ఒక బిందె నీళ్ళు వస్తాయి. ఆ గుఱ్ఱానికి రోజుకు కావలసింది సుమారు 15 లీటర్లు, అంటే రమారమి ఒక పెద్ద బిందె. పది బిందెల మంచు అది ఎప్పటికి నాకేను? పైగా మంచును కరిగించే వేడి అంతా దాని ఒంట్లోంచే పోవాలి. అడవి గుఱ్ఱాలు మంచు తిని నెట్టుకురావచ్చు; ఎండుగడ్డి తిని బరువులు మోసే గుఱ్ఱానికి అది చాలదు.

మరి ఉపాయమేమిటి? అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారు పోనీల మీద చేసిన పరిశోధన 1994లో వెలువడింది. చలికాలంలో మంచులాంటి నీళ్ళకు బదులు వెచ్చజేసిన నీళ్ళు ఇస్తే అవి సుమారు 40 శాతం ఎక్కువ తాగాయి. విచిత్రమేమంటే, రెండూ పక్కపక్కన పెడితే మాత్రం చల్లటివాటికే పోయాయి, తాగింది కూడా తక్కువే! కాబట్టి వెచ్చటి నీళ్ళు పెట్టినప్పుడు చల్లటి తొట్టి పక్కన వుంచకూడదు.

కరెంటు వున్నచోట తొట్టిలో హీటరు పెడతారు. కాని తీగ ఎక్కడైనా దెబ్బతిని నీళ్ళలోకి కాస్త కరెంటు దిగితే, మూతికి చురుక్కుమని గుఱ్ఱం ఆ తొట్టి దగ్గరికే రాదు. తాగటం మానేసిన గుఱ్ఱం కనబడితే ముందు ఆ తీగ చూడాలి.

కరెంటు లేని ఊళ్ళో మార్గం ఒక ముసలాయన దగ్గర నేర్చుకున్నాను. అందరూ ఆయన్ను “మేమే-లే” అంటారు. మేమే అంటే తాత. లే అంటే మన “గారు” లాంటిది. ఊరి చివర ఒక ఊట వుంది. భూమిలోంచి అప్పుడే పైకి వచ్చిన నీరు గనుక బయట అంతా గడ్డకట్టినా అది పారుతూనే వుంటుంది. ఆయన రోజూ రెండుపూటలా గుఱ్ఱాలను అక్కడికి తోలుకుపోయేవాడు. మేత తిన్న తరువాతే తోలేవాడు, ముందు కాదు.

“డాక్టర్ సాబ్, మీరు నీళ్ళు చూస్తారు. నేను ఉప్పు చూస్తాను,” అన్నాడాయన నవ్వి. రాత్రిపూట గోరువెచ్చని నీళ్ళలో బార్లీపిండి, గుప్పెడుకు తక్కువగా ఉప్పు కలిపి పెట్టేవాడు. ఉప్పు దాహం పుట్టిస్తుంది, పిండి కోసం గుఱ్ఱం నీళ్ళూ తాగుతుంది. పక్కన తాగే నీళ్ళు లేకుండా ఉప్పు పెట్టటం మాత్రం తప్పని ఆయనే హెచ్చరించాడు.

తరువాత మా సాలలో ఒక పద్ధతి పెట్టాం. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి గోరువెచ్చని నీళ్ళు బక్కెట్టుతో కొలిచి పెట్టటం, మిగిలింది మళ్ళీ కొలిచి పలకమీద రాయటం. ఎండుగడ్డి మీద కూడా నీళ్ళు చిలకరించేవాళ్ళం. ఏ గుఱ్ఱం చిగురు తడి ఆరి జిగటగా వున్నా, లద్దె ఉండలు చిన్నవైనా, అంకె తగ్గినా నాకు కబురు రావాలి. ఆ పలక రాసే పని అనంతపురం కుర్రాడే అడిగి తీసుకున్నాడు. మర్నాడు పొద్దున తన ఆడగుఱ్ఱం పేరుకెదురుగా వేసిన అంకె 16 లీటర్లు.