మ్యాపుకు కత్తెర ఎక్కడ పెట్టాలి?

సోషల్ పరీక్షలో ఇండియా మ్యాపు గీసి, నదులకు నీలిరంగు వేసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళమే మనమంతా. ఇప్పుడు మ్యాపులు ఎక్కువగా కంప్యూటర్లోనే తయారవుతున్నాయి. దీనికి వాడే విధానాన్ని జి.ఐ.ఎస్., అంటే భౌగోళిక సమాచార వ్యవస్థ అంటారు. ఇందులో తొలి పాఠాల్లోనే నేర్పే పని 'క్లిప్'. అంటే పెద్ద మ్యాపులోంచి మనకు కావలసిన ప్రాంతం మాత్రమే కత్తిరించి తీసుకోవడం. చేయడానికి అర నిమిషం చాలు. కానీ కత్తెర తప్పు చోట పెడితే ఒక బస్తీ ఎందుకు మునిగిందో ఆ మ్యాపు చెప్పలేదు. నా పి.జి. ప్రాజెక్టులో నేను చేసిన తప్పు అదే. మీరు చేయకూడదని ఈ వ్యాసం రాస్తున్నాను.

పొరలు అంటే ఏమిటి?

ట్రేసింగ్ కాగితాలు నాలుగు తీసుకోండి. ఒకదానిమీద రోడ్లు, రెండోదానిమీద చెరువులు, మూడోదానిమీద నాలాలు, నాలుగోదానిమీద వార్డుల హద్దులు గీయండి. నాలుగింటినీ ఒకదానిమీద ఒకటి పెడితే పూర్తి మ్యాపు అవుతుంది. కంప్యూటర్లో ఒక్కో కాగితాన్ని 'లేయర్' అంటారు. మనం పొర అనుకుందాం.

పొరలు రెండు రకాలు. చుక్కలు, గీతలు, హద్దులతో గీసినవి వెక్టర్ పొరలు. చిన్న చిన్న గళ్ళతో ఏర్పడినవి రాస్టర్ పొరలు. ఉపగ్రహం తీసిన ఫోటో, నేల ఎత్తు చూపే పొర రాస్టర్ కిందికి వస్తాయి.

ఇంట్లో గరిజెలు చేసేటప్పుడు అమ్మ పిండిని పెద్దగా వత్తి, దానిమీద డబ్బా మూత బోర్లించి నొక్కుతుంది. మూత లోపలి పిండి గుండ్రంగా వస్తుంది. క్లిప్ కూడా ఇంతే. వత్తిన పిండి మనం కత్తిరించే పొర. మూత మన హద్దు పొర. ఒక్క తేడా ఏమిటంటే ఇక్కడ అసలు పిండి అలాగే ఉంటుంది. కత్తిరించిన ముక్క కొత్త పొరగా వస్తుంది.

చేసే పద్ధతి

క్యూ.జి.ఐ.ఎస్. అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అందులో పొరలు తెరిచాక వెక్టర్ మెనూలో జియోప్రాసెసింగ్ టూల్స్, అందులో క్లిప్ నొక్కాలి. ఇన్‌పుట్ దగ్గర కత్తిరించవలసిన పొర (ఉదాహరణకు నాలాలు), ఓవర్‌లే దగ్గర హద్దు పొర ఇచ్చి, రన్ నొక్కాలి. రాస్టర్ పొర అయితే రాస్టర్ మెనూలో ఎక్స్‌ట్రాక్షన్, అందులో క్లిప్ రాస్టర్ బై మాస్క్ లేయర్ ఉంటుంది.

ఇక్కడ కొత్తవాళ్ళు చేసే పొరపాట్లు నాలుగు:

1. కొత్త పొర మామూలుగా తాత్కాలికంగానే వస్తుంది. సేవ్ చేయకుండా మూసేస్తే పోతుంది.

2. ప్రతి పొరకు అక్షాంశ రేఖాంశాలను లెక్కగట్టే ఒక పద్ధతి ఉంటుంది. అది తప్పుగా నమోదైతే పిండి ఒక చోట, మూత ఒక చోట ఉన్నట్టే. ఖాళీ పొర వస్తుంది. హైదరాబాదులో మీటర్లలో కొలవాలంటే యు.టి.ఎం. 44 ఉత్తరం జోన్ వాడతాం.

3. గీతలు తమను తామే అడ్డంగా దాటి ఉంటే క్లిప్ ఆగిపోతుంది. ముందు ఫిక్స్ జామెట్రీస్ చేసుకోవాలి.

4. ఇది అన్నిటికన్నా ముఖ్యం. క్లిప్ బొమ్మను కత్తిరిస్తుంది గాని పట్టికలోని అంకెలను మార్చదు. ఒక చెరువు విస్తీర్ణం 40 హెక్టార్లు అని పట్టికలో ఉందనుకోండి. హద్దు దాన్ని సగానికి కోసినా పట్టికలో 40 అనే ఉంటుంది. మళ్ళీ లెక్కగట్టించాలి. జనాభా అయితే అలా లెక్కగట్టడం కూడా కష్టమే. సగం వార్డు కత్తిరిస్తే సగం జనం వచ్చారని చెప్పలేం. జనం అంతటా సమానంగా ఉండరు కదా.

నేను చేసిన తప్పు

పాతబస్తీలో వాననీరు ఏ దారిన పోతుందో చూపడం నా ప్రాజెక్టు. మొదటి చిక్కు హద్దు దగ్గరే వచ్చింది. అసలు పాతబస్తీ అంటే ఎంతవరకు? పాత కోటగోడ లోపలిదా? ఆ గోడకున్న దర్వాజాల్లో పురానాపూల్, దబీర్‌పురా దర్వాజాలే మిగిలాయి. ఇప్పుడు జనం పాతబస్తీ అనేది దానికన్నా చాలా పెద్దది. నేను ఉత్తరాన మూసీ, దక్షిణాన ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట, తూర్పున హఫీజ్ బాబా నగర్ కలిసేలా ఒక హద్దు గీసుకున్నాను.

ఆ హద్దుతో రోడ్లు, నాలాలు, నేల ఎత్తు చూపే రాస్టర్, అన్నీ కత్తిరించాను. తర్వాత నీటి ప్రవాహం లెక్క వేశాను. ఈ లెక్కలో కంప్యూటర్ ప్రతి గడికీ పైనుంచి ఎన్ని గళ్ళ నీరు వస్తుందో కూడుతుంది. మ్యాపు అందంగా వచ్చింది. హఫీజ్ బాబా నగర్ వైపు నాలా చిన్న కాలువలా కనిపించింది. గైడు సార్ చూసి ఒకే మాట అడిగారు: "ఈ నాలా నీ హద్దు గీత దగ్గరే పుట్టిందా?"

అప్పుడు అర్థమైంది. హద్దు బయటి గళ్ళను నేనే కత్తిరించి పారేశాను. లేని గళ్ళ నుంచి నీరు వచ్చినట్టు కంప్యూటర్ ఎలా లెక్క వేస్తుంది?

కానీ నిజంగా నీరు ఎక్కడి నుంచి వచ్చిందో 2020 అక్టోబరులో అందరూ చూశారు. 13, 14 తేదీల కుండపోత వానకు పల్లె చెరువు పొంగి ఫలక్‌నుమా దగ్గరి అల్ జుబైల్ కాలనీ మునిగింది. 17వ తేదీ రాత్రి బాలాపూర్ వైపు ఉన్న గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబా నగర్ ఇళ్ళలోకి నీరు వచ్చింది. మునిగిన ఇళ్ళు నా మ్యాపులో ఉన్నాయి. ముంచిన చెరువులు లేవు. ఆ మ్యాపును నమ్మి ఎవరైనా నాలా వెడల్పు నిర్ణయిస్తే ఏమయ్యేదో ఆలోచించండి.

నూరేళ్ళనాటి పాఠం

ఈ సంగతి కంప్యూటర్ లేని రోజుల్లోనే ఒకరు గ్రహించారు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచెత్తింది. వేలమంది చనిపోయారు. మరుసటి సంవత్సరం నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఆయన ఊరి హద్దు దగ్గర ఆగలేదు. మూసీకి నీరు చేర్చే ప్రాంతమంతా పరిశీలించారు. అక్కడి 788 చెరువుల్లో 221 తెగిపోయినట్టు తేల్చారు. ఊరు మునిగింది ఊరి బయటి కారణం వల్ల. అందుకే పరిష్కారం కూడా ఊరి బయటే సూచించారు. గండిపేట వద్ద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ నదిమీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి.

ముందు లెక్క, తర్వాత కత్తెర

నేను మళ్ళీ మొదలుపెట్టి దక్షిణాన ఆ చెరువులు, వాటికి నీరందించే ఎత్తు నేలలు అన్నీ వచ్చేలా పెద్ద ప్రాంతం తీసుకున్నాను. దానిమీద ప్రవాహం లెక్క వేశాను. చివర్లో చూపడానికి మాత్రమే పాతబస్తీ వరకు కత్తిరించాను. ఈసారి ఆ నాలా పెద్దగా కనిపించింది. నేల మారలేదు, వాన మారలేదు. కత్తెర వేసిన చోటు మారింది.

కాబట్టి క్లిప్ నొక్కే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. నేను తెలుసుకోవాలనుకుంటున్నది ఏమిటి? దాని కారణం ఈ గీత బయట ఉండే అవకాశం ఉందా? ఈ గీత ఎవరు, ఎందుకు గీశారు?

మూడో ప్రశ్న మనకు మరీ అవసరం. కొన్ని ఊళ్ళలో గ్రామకంఠం హద్దు ఒక చోట ముగుస్తుంది, మన వాడ దాని అవతల ఉంటుంది. ఆ హద్దుతో బోరింగులు, వీధిదీపాల మ్యాపు కత్తిరిస్తే వాడలో బోరింగు లేదన్న సంగతి కూడా ఆ మ్యాపులో కనపడదు. లోటు కనపడాలన్నా ముందు మ్యాపులో చోటుండాలి.

మీలో కొందరు రేపు సర్వేయర్లు, ఇంజనీర్లు, అధికారులు అవుతారు. కత్తెర మీ చేతికి వస్తుంది. గీత అవతల ఎవరున్నారో ఒకసారి చూసి, ఆ తర్వాతే నొక్కండి.