ఎర్రచీమల పచ్చడి

శీర్షిక చూసి పుట తిప్పేయకండి. శాకాహారులైన చదువరుల నియమం వారిది, దానికి నమస్కారం. చేప, రొయ్య, కోడి తినే నావంటివారితోనే యీ నాలుగు మాటలు.

2023లో నాకు బరంపురం నుంచి మయూర్‌భంజ్ జిల్లా బారిపదాకు బదిలీ అయింది. అక్కడి మా కచేరీలో ఒక ప్యూను వుండేవాడు, అడవి పల్లె మనిషి. మధ్యాహ్నం మేమంతా బల్ల చుట్టూ చేరి క్యారియర్లు విప్పితే, అతను మాత్రం వెనుక వరండాలో గోడవైపు తిరిగి తినేవాడు. కారణమేమని అడిగితే పక్క గుమాస్తా ముక్కు పట్టుకుని, "వాడి డబ్బాలో చీమలుంటాయి" అని నవ్వినాడు. నేనూ నవ్వినాను. వరండా తలుపు తెరిచే వుంది.

ఆ చీమలు మనకు తెలియనివి కావు. మామిడిచెట్ల మీద ఆకులు కలిపి బంతుల్లాంటి గూళ్ళు కట్టి, కాయకోసం యెక్కినవాణ్ణి కరిచి దింపే ఎర్రచీమలే. ఒడియాలో కాయ్ అంటారు. ఆకులు కుట్టడానికి వాటికి దారం యెక్కడిదనుకున్నారు? కొన్ని చీమలు ఆకుల అంచులు దగ్గరకు లాగి పట్టుకుంటే, మరికొన్ని తమ పిల్లపురుగులను నోట కరుచుకుని, అవి వదిలే పట్టుదారంతో అటూ యిటూ కుడతాయి. మగ్గం మీద నాడె ఆడినట్టే. సిమిలిపాల్ అడవుల చుట్టుపక్కల గిరిజనులు తెల్లవారుజామున ఆ గూళ్ళు కోసి నీళ్ళ బకెట్లో ముంచుతారు. ఆకూ అలమూ తీసివేసి, చీమలనూ పిల్లపురుగులనూ వుప్పు, అల్లం, వెల్లుల్లి, మిరపకాయలు వేసి నూరుతారు. చింతపండు అక్కర లేదు. చీమ కుట్టినప్పుడు మనల్ని మండించే ఫార్మిక్ ఆమ్లమే దానికి పులుపు. సంతల్లో యీ చీమలను అమ్ముకుని బతికే కుటుంబాలున్నాయి.

2024 జనవరిలో యీ పచ్చడికి 'సిమిలిపాల్ కాయ్ చట్నీ' పేరిట భౌగోళిక గుర్తింపు వచ్చింది. తిరుపతి లడ్డుకూ, బందరు లడ్డుకూ వున్న ముద్రే. పత్రికల్లో పడిన మరునాడు, ముక్కు పట్టుకున్న ఆ గుమాస్తాయే ప్యూను భుజం తట్టి అభినందించినాడు. అతను ఒక క్షణం మా యిద్దరినీ చూసి, "పచ్చడి మారలేదు బాబూ, నిన్నటిదే" అన్నాడు. అంటే ఆనాటి నవ్వు అతనికి వినబడిందన్నమాట.

దీన్ని మందని చెప్పి గొప్ప చేయడమూ నాకు నచ్చదు. కరోనా రోజుల్లో యిది ఆ వ్యాధికి పనిచేస్తుందని ఒకరు కోర్టుకు వెళ్ళగా, చికిత్సగా వాడమని ఆదేశించడానికి 2021లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. సబబే. అన్నంలో నంజుకునేదాన్ని అన్నంలోనే వుండనివ్వాలి.

సెలవులకు యింటికి వచ్చినప్పుడు భోజనాల దగ్గర యీ సంగతి చెప్పినాను. మా ఆవిడ కంచం ముందునుంచి లేవబోయింది. ఎనభైకి దగ్గరపడిన మా అమ్మ మాత్రం తాపీగా, "మా పుట్టింట్లో వుసిళ్ళు తినేవాళ్ళం కాదుట్రా!" అన్నది.

తొలకరి వాన వెలిసిన సాయంత్రం పుట్టల్లోంచి వుసిళ్ళు లేస్తాయి గదా. దీపం పెట్టి, దాని కింద నీళ్ళ పళ్ళెం వుంచేవారట. పడినవాటి రెక్కలు చెరిగేసి, యెండబెట్టి, వుప్పూ కారం వేసి మూకుట్లో వేయించి, మురీల్లో — మరమరాలనండి — కలిపితే, పిల్లలు గుప్పెళ్ళతో తింటూ తిరిగేవారట. "మరి మాకెప్పుడూ పెట్టలేదేమమ్మా?" అన్నాను. "పట్నం వచ్చాక పక్కింటివాళ్ళు చూస్తారని మీ నాన్నగారు వద్దన్నార్రా" అన్నది.

నలభై యేళ్ళుగా నాకు పురుగంటే రోత అనుకున్నాను. అందులో సగం పక్కింటివాళ్ళ భయమని ఆనాడు తెలిసింది. పంచదారలో చీమ వచ్చినప్పుడు, "చీమలు తింటే కళ్ళు బాగా కనబడతాయిలే" అని నాయనమ్మ తాగించిన పాలు మాత్రం తాగలేదా?

ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2013లో ఒక నివేదిక వేసింది. ప్రపంచంలో మనుషులు తినే పురుగులు 1,900 రకాలకు పైబడినాయట. కీచురాళ్ళ నుంచి మాంసకృత్తులు రాబట్టడానికి, అంతే మాంసకృత్తులకు పశువులకు పెట్టే మేతలో పన్నెండో వంతు చాలునట. 2021లో యూరప్ దేశాల కూటమి పసుపు పిండిపురుగును ఆహారంగా అనుమతించింది. అయితే పురుగు పురుగులాగే కనబడితే అక్కడివారూ వెనుకాడతారు. పొడిగొట్టి బిస్కట్లలో కలిపితే ముట్టేవారు యెక్కువ. మనం మాత్రం? మందుబిళ్ళల మీద మెరుపుకు పూసే లక్క ఒక పురుగు వదిలినదే. చిలికా రొయ్యకు కాళ్ళెన్నో లెక్కపెట్టి తింటున్నామా? సీమ బిస్కట్టయితే విజ్ఞానం, ఆకు దొన్నెలో అయితే ఆటవికం! నాకు యీ లెక్క కుదరలేదు.

రుచి చూడదలచినవారికి రెండు జాగ్రత్తలు. రొయ్యలు తింటే వొళ్ళు దద్దుర్లెక్కేవారికి పురుగులూ పడకపోవచ్చు, వారు మానుకోవాలి. పురుగుమందు చల్లిన తోటల్లోని గూళ్ళ జోలికి యెవరూ పోరాదు.

సెలవు ముగిసి తిరిగి వెళ్ళినాక, ఒకనాడు నా క్యారియర్ పట్టుకుని వరండాలోకి వెళ్ళి అతని పక్కన కూర్చున్నాను. క్షమించమనడానికి నోరు రాలేదు. కాసేపటికి అతను డబ్బా మూతలో కాస్త పచ్చడి వేసి నా వైపు జరిపినాడు. మొదటి ముద్దకు కళ్ళు మూసుకున్నాను. నిమ్మకాయ పులుపు, వెనుకనే అల్లం ఘాటు. రెండో ముద్దకు మూసుకోలేదు.

ఆ సాయంత్రం ఫోనులో అమ్మకు చెప్పినాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత గొంతు తగ్గించి, "వచ్చేటప్పుడు నాకూ కాస్త పట్టుకురా. కోడలితో అనకు" అన్నది.