పశువులకును భయము, బెంగ కలవు

నిన్నటివరకు సాధువుగా నున్న గేదె నేడు పాలు పిదుకువారిని తన్నును. ఆవు పాలు ఎగచేపును. ఏండ్ల తరబడి అరక లాగిన ఎద్దు కాడిని చూడగనే వెనుకకు జరుగును. ఇట్టి సమయములందు గ్రామములలో సాధారణముగా వినవచ్చు మాటలు మూడు: పొగరు, దిష్టి, గాలి. పొగరునకు ములుకోల, దిష్టికి మిరపకాయలు, గాలికి తాయెత్తు చికిత్సలు. పశువు దేనికైనను భయపడినదా, బెంగ పెట్టుకొన్నదా, లోపల ఏదేని జబ్బు ఉన్నదా యను విచారణ చిట్టచివరకు గాని రాదు. అప్పటికి పాడి తగ్గియే యుండును. ఒక్కొక్కప్పుడు మనుష్యుల ప్రాణములకే ముప్పు వాటిల్లును.

ఈ విషయమును పశువైద్యులకే విడిచిపెట్టక పంచాయతీ సభ్యుల ముందుంచుటకు కారణము కలదు. 1992లో పార్లమెంటు ఆమోదించిన 73వ సవరణ వలన రాజ్యాంగమునకు చేరిన పదునొకండవ షెడ్యూలులో 29 విషయములు గలవు. వానిలో నాల్గవది పశుపోషణ, పాడి, కోళ్ల పెంపకము. అదియునుగాక బందెలదొడ్డి, నీటితొట్టి, సంత స్థలము, ఊరేగింపు సాగు వీధి, ఇవన్నియు పంచాయతీ కంటి యెదుట నుండునవే. పశువు బెదరునది ఎక్కువగా ఇట్టి చోట్లనే.

మొదట పాల సంగతి చూతము. పొదుగులో పాలు నిండి యున్నంతమాత్రమున అవి చేతికి రావు. దూడ మూతి గాని, పిదుకువారి చేయి గాని చన్నులకు తగిలినప్పుడు ఆ స్పర్శ నరముల ద్వారా మెదడును చేరును. మెదడు క్రిందనున్న పిట్యూటరీ గ్రంథి నుండి ఆక్సిటోసిన్ అను స్రావము రక్తములో కలియును. అది పొదుగును చేరి, పాలు నిలిచియుండు సన్నని తిత్తులను బిగించును. అప్పుడు పాలు క్రిందికి దిగును. దీనినే మన రైతులు చేపుట యందురు. ఇదంతయు సుమారు ఒక నిమిషములో జరుగును. దాని బలము కొద్ది నిమిషములే నిలుచును. ఆవు పొదుగులో కొంత పాలు చన్నుల పైభాగమున ముందే దిగి యుండును. గేదెలో అట్టి పాలు మిక్కిలి తక్కువ. కావున గేదె చేపనిచో చెంబు అడుగు కూడ తడియుట కష్టము.

పశువు బెదరినప్పుడు అడ్రినలిన్ అను వేరొక స్రావము రక్తములోనికి వచ్చును. ఇది పొదుగునకు పోవు రక్తనాళములను ముడిచి, ఆక్సిటోసిన్ పనిని అడ్డగించును. 1941లో అమెరికాలో ఈలీ, పీటర్సన్ అను శాస్త్రజ్ఞులు దీనిని ఒక వింత పద్ధతిలో పరీక్షించిరి. పిదుకు సమయమున ఆవు వీపుపై పిల్లిని కూర్చుండబెట్టి, కాగితపు సంచులు గాలితో నింపి పేల్చిరి. ఆవు పాలు దిగనీయలేదు. మన గ్రామములలో పిల్లియు సంచులును అక్కరలేదు. పెండ్లి ఊరేగింపు ముందర పేల్చు ఒక్క టపాకాయల దండ చాలును. పిదుకకుండ మిగిలిన పాలు పొదుగులోనే నిలిచిపోయినచో క్రమముగా పాలు ఊరుటయే తగ్గును. కనుక తన్నిన గేదెను కొట్టి పిదుకువారు తమ పాలను తామే పోగొట్టుకొనుచున్నారు.

దూడ చనిపోయినప్పుడు కలుగు చిక్కు ఇంతకంటె పెద్దది. తల్లి పశువు దినముల తరబడి అరచును, దూడను కట్టిన రాటను వాసన చూచును, మేత ముట్టదు. ఇది మనుష్యుల శోకమువంటిదేనా యను తర్కములోనికి మేము పోము. ఎడబాటు దానిని కలతపెట్టినదనుటకు మాత్రము దాని అరుపే సాక్ష్యము. కొందరు దూడ చర్మములో గడ్డి కూర్చి తల్లి ముందు నిలుపుదురు. ఇది పాతకాలపు ఉపాయమే గాని, తల్లికి వాసన ముఖ్యమని మన పెద్దలు గ్రహించిరనుటకు నిదర్శనము. మరికొందరు పూటపూటకు ఆక్సిటోసిన్ సూదిమందు పొడిపించుచున్నారు. దీనివలన పశువు సూది లేనిదే చేపని స్థితికి వచ్చును. పాలకొరకు పశువు ఆరోగ్యమునకు హానికరమైన సూదిమందు ఇచ్చుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టములోని 12వ సెక్షను ప్రకారము నేరము. రెండేండ్ల వరకు శిక్ష పడవచ్చును, పశువును ప్రభుత్వము స్వాధీనము చేసికొనును. సూదికి బదులు ప్రతిదినము ఒకే మనిషి, ఒకే వేళకు, దాణా ముందుంచి, మెల్లగా పొదుగు నిమిరి పిదుకవలెను. కొన్నిదినములు నష్టము తప్పదు. ఓర్పు వహించినచో పెక్కు పశువులు దాణా బుట్ట చప్పుడునకే చేపుట నేర్చుకొనును.

అయితే ప్రతి వింత ప్రవర్తనయు బెంగ కాదు. ఇచ్చట పొరబడినచో ప్రాణము పోవును. పిచ్చికుక్క కరచిన పశువునకు కొన్ని వారములకు గాని, నెలలకు గాని వ్యాధి బయటపడును. గొంతు బొంగురుపోయినట్లు అరచును, చొంగ కార్చును, మేతను మ్రింగలేదు. చూచువారు గొంతులో ఏదో అడ్డుపడినదని తలచి నోటిలో చేయిపెట్టి వెదకుదురు. ఆ చొంగలోనే వ్యాధి యున్నది. చేతిమీది చిన్న గీతయు చాలును. ఈ వ్యాధి లక్షణములు కనిపించిన పిమ్మట పశువునకు గాని, మనుష్యునకు గాని బ్రతుకుట అసాధ్యమే. కావున చొంగ కార్చు పశువు నోటిలో ఎవరును చేయిపెట్టరాదని దండోరా వేయించుట పంచాయతీ చేయదగిన మొదటి పని. చొంగ తగిలినవారు సబ్బుతోను, ధారగా పడు నీటితోను 15 నిమిషములు కడుగుకొని, అదేరోజు ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. ఆ పశువు పాలు వాడరాదు.

జోరీగల వలన వచ్చు సర్రా వ్యాధిలో పశువు గుండ్రముగా తిరుగును, గోడకు తల మోపి నెట్టును. ఇది గాలి సోకుట కాదు. రక్తములో చేరిన సూక్ష్మజీవి పని; దీనికి మందు కలదు. తాయెత్తు కట్టి మూడు దినములు వేచినవారు ఆ మందు పనిచేయు కాలమును పోగొట్టుకొందురు. 1962 నంబరునకు ఫోను చేసినచో సంచార పశువైద్యశాల గ్రామమునకే వచ్చును.

జబ్బు లేదని వైద్యులు చెప్పిన తరువాతనే భయమును, బెంగను వెదకవలెను. రష్యా శాస్త్రజ్ఞుడు పావ్లోవ్ ప్రయోగశాలలో ఒక కుక్కకు వృత్తము చూపినప్పుడు ఆహారమిచ్చి, కోడిగ్రుడ్డు ఆకారము చూపినప్పుడు ఇయ్యకుండిరి. క్రమముగా ఆ రెండు ఆకారములను దాదాపు ఒక్కటిగా చేయగా, శాంతముగా నుండిన ఆ కుక్క అరచి, పెనుగులాడి, పరికరములను కొరికినది. ఏది మేలో ఏది కీడో తెలియని స్థితియే దానిని చెరచినది. ఒకదినము ముద్దచేసి, మరునాడు అకారణముగా కొట్టు యజమాని చేతి ఎద్దు స్థితియు ఇట్టిదే. ఎల్లప్పుడు గొలుసునకు కట్టబడిన కుక్క ఒకేచోట తిరుగుట, కదలనీయక కట్టిన ఆవు ఊరక నాలుక చుట్టుట దీర్ఘకాలపు కలతకు గుర్తులు. వీనిని చేష్టలని నవ్వి ఊరకుండరాదు.

పశువు కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే అది దాదాపు చుట్టును చూడగలదు, సరిగా వెనుక మాత్రము చూడలేదు. అందుచేత వెనుకనుండి చప్పుడు లేక వచ్చినవానిని తన్నును. నేలమీది నీడ, ఎండలో మెరయు రేకు, గాలికి ఊగు గుడ్డ దానిని నిలిపివేయును. సంతలో వాహనము ఎక్కించు చోట పశువు మొండికేసినప్పుడు తోక మెలిపెట్టుటకు ముందు ఎదుట ఏమున్నదో చూడవలెను. అచ్చట మట్టితో ఒక ఏటవాలు గట్టు కట్టించుటకు పంచాయతీకి పెద్ద ఖర్చు కాదు. పశువైద్యశాల ముందు సూదిమందు వేయుటకు పశువును నిలుపు బోను జారుడుగా నున్నచో ఒకసారి పడిన పశువు మరల ఆ గేటు దాటదు. గరుకు నేల వేయింపవలెను. ఊరేగింపుల టపాకాయలను పశువుల కొట్టములున్న వీధులకు దూరముగాను, పాలు పిదుకు వేళలు తప్పించియు కాల్పించవచ్చును.

ఇక బందెలదొడ్డి. పంట మేసిన పశువును పట్టి తెచ్చుట న్యాయమే. కాని పలుచోట్ల ఆ దొడ్డి నీడలేని నాలుగు గోడలు మాత్రమే. పశువు మందలో బ్రతుకు ప్రాణి; ఒంటరిగా కట్టినచో రాత్రియంతయు అరచి, గోడలను కుమ్మును. దొడ్డికి ఒక పందిరి, ఒక నీటితొట్టి ఉండవలెను. ఒంటరిగా వచ్చినదానికి కనబడునంత దూరములో మరియొక పశువును కట్టించవలెను. పాలిచ్చు పశువు చిక్కినప్పుడు దూడ ఇంటివద్దనే ఉన్నచో, జుల్మానా చెల్లింపు తేలువరకు ఆ దూడను కూడ తెప్పించి తల్లివద్ద విడువవలెనని దొడ్డి కాపలాదారునకు వ్రాతపూర్వకముగా ఉత్తరువు ఇయ్యవచ్చును.